లైపోసక్షన్ తర్వాత బరువు పెరిగితే: కొవ్వు ఎక్కడ చేరుతుంది, ఎలా ఆపాలి

సిరిమల్లె_విశాఖ

లైపోసక్షన్ (చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేసే ఆపరేషన్) చేయించుకోవాలా వద్దా అన్న చర్చలు ఇక్కడ చాలానే జరిగాయి. చేయించుకున్నాక బరువు పెరిగితే ఏం చేయాలన్నది మాత్రం ఎక్కడా ఒక్కచోట లేదు. తెలిసినవాళ్ళంతా ఈ థ్రెడ్‌లో రాస్తే బాగుంటుంది.

ఒక లెక్క తీసుకుందాం. ఆపరేషన్ నాటికి 64 కిలోలు. మూడు నెలలకి 62. ఏడాది తిరిగేసరికి 68. తీయించుకున్న కింది పొట్ట, తొడలు ఫరవాలేదు. కానీ పై పొట్ట ముందుకొచ్చింది, బ్రా పట్టీ కింద వీపు, జబ్బలు లావయ్యాయి. దీన్ని ఆపరేషన్ ఫెయిలైనట్టు అనుకోవాలా? తీసేసిన కొవ్వు తిరిగొచ్చినట్టా, వేరే చోటికి పోయినట్టా? మళ్ళీ చేయించుకుంటే సరిపోతుందా? డాక్టర్లు, డైటీషియన్లు, ఫిజియోలు అంకెలతో సహా చెప్పాలని మనవి.

డా_కృష్ణాతీరం

ప్లాస్టిక్ సర్జరీ వైపు నుంచి నేను మొదలుపెడతాను.

ఆపరేషన్ ఫెయిలవలేదు. లైపోసక్షన్ చేసేది ఒకే పని: చర్మం కింద, ఎంచుకున్న చోట కొన్ని కొవ్వు కణాలను గొట్టంతో లాగేయడం. ఒంట్లోకి వచ్చే శక్తి, ఖర్చయ్యే శక్తి లెక్క దాంతో మారదు. తిన్నది మిగిలితే, మిగిలిన కణాలు దాచుకుంటాయి. కింది పొట్టలో కణాలు తగ్గాయి కాబట్టి అక్కడ తక్కువ కనబడుతుంది, మిగతా చోట్ల ఎక్కువ కనబడుతుంది. కొవ్వు నడిచి వెళ్ళి జబ్బల్లో కూర్చోలేదు. కొత్తగా చేరినదే అది.

దీనిమీద చెప్పుకోదగ్గ పరిశోధన అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళది, 2011లో వచ్చింది. ఊబకాయం లేని 32 మంది ఆడవాళ్ళు. 14 మందికి తొడలు, కింది పొట్టలో కొద్దిపాటి లైపోసక్షన్ చేశారు, 18 మందికి చేయలేదు. ఆరు వారాలకు చేసినవాళ్ళలో ఒంటి కొవ్వు శాతం స్పష్టంగా తగ్గింది. ఏడాదికి రెండు గుంపుల మధ్య ఆ తేడా చెప్పుకోదగినంతగా మిగల్లేదు. తొడలు మాత్రం సన్నగానే ఉన్నాయి. తిరిగి చేరినది ఎక్కువగా పొట్ట భాగంలో.

పొట్ట అంటే రెండు పొరలు. చర్మం కింద పట్టుకుంటే చేతికి వచ్చే కొవ్వు ఒకటి. కండరాల గోడ వెనక పేగుల చుట్టూ ఉండేది రెండోది. మా గొట్టం మొదటిదాంట్లోకే వెళ్తుంది. షుగర్, బీపీ, ఫ్యాటీ లివర్‌లతో గట్టి సంబంధం ఉన్నది రెండోదానికి. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో 15 మంది ఊబకాయులైన స్త్రీలకు పెద్ద మొత్తంలో కొవ్వు తీశారు, ఒక్కొక్కరికీ దాదాపు 10 కిలోలు. పది, పన్నెండు వారాల తర్వాత చూస్తే ఇన్సులిన్ పనితీరులో, బీపీలో, కొలెస్ట్రాల్‌లో మెరుగు లేదు. అదే 10 కిలోలు తిండి, వ్యాయామంతో తగ్గి ఉంటే ఇవన్నీ కదిలేవి. అందుకే లైపో తర్వాత పెరిగే బరువును అందం లెక్కలో కాకుండా ఆరోగ్యం లెక్కలో చూడాలని నా గట్టి అభిప్రాయం.

కొత్తసభ్యుడు_77

డాక్టర్ గారూ, చిన్న సందేహం. "4 లీటర్లు తీశాం" అని క్లినిక్‌లో చెప్తారు కదా. మరి తూకంలో 4 కిలోలు తగ్గకపోగా మొదటి వారం పెరుగుతుందేమిటి?

డా_కృష్ణాతీరం

ఆ 4 లీటర్లూ కొవ్వు కాదండీ. ఆపరేషన్‌కు ముందు చర్మం కిందికి సెలైన్, లిడొకెయిన్ (నొప్పి తెలియకుండా చేసేది), అడ్రినలిన్ (రక్తం పోవడం తగ్గించేది) కలిపిన ద్రవం ఎక్కిస్తాం. బయటికొచ్చే దాంట్లో అదీ ఉంటుంది, కొంచెం రక్తమూ ఉంటుంది. జాడీలో కాసేపు నిలవనిస్తే పైన పసుపుగా తేలేదే కొవ్వు. 4 లీటర్లలో అది రెండున్నర లీటర్లు ఉందనుకోండి, తూకానికి రెండుంపావు కిలోలు. ఎక్కించిన ద్రవంలో కొంత లోపలే ఉండిపోతుంది, గాయం వల్ల నీరు చేరుతుంది, సెలైన్ బాటిళ్ళు పెడతాం. అందుకే మొదటి వారం కిలో, రెండు కిలోలు ఎక్కువ చూపించడం మామూలే. ఈ వాపులో ఎక్కువ భాగం ఆరు వారాల్లో దిగుతుంది, అసలు ఆకారం తేలడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆ ఆరు వారాల్లో తూకం అంకెను చూసి "బరువు పెరిగాను" అని భోజనం మానేయడం తప్పు. గాయం మానదు.

ఇంకో లెక్క చెప్తాను, ఎప్పుడూ గుర్తుండాలి. ఒక కిలో ఒంటి కొవ్వులో సుమారు 7700 కేలరీలు. రెండుంపావు కిలోలంటే 17 వేల చిల్లర. దాన్ని 365తో భాగిస్తే రోజుకు 48 కేలరీలు. అంటే దాదాపు ఒక టీస్పూను నెయ్యి. నిజానికి బరువు పెరిగేకొద్దీ ఒళ్ళు ఖర్చు చేసేదీ కాస్త పెరుగుతుంది కాబట్టి లెక్క ఇంత సూటిగా ఉండదు, ఇంకొంచెం ఎక్కువే పట్టొచ్చు. కానీ ఎంత చిన్న మిగులు లక్షల ఖర్చును ఏడాదిలో కమ్మేస్తుందో చూడండి.

ఒక హెచ్చరిక. తూకం పెరగడంతోపాటు ఆయాసం, ఛాతీనొప్పి, ఒక్క కాలి పిక్కే వాచి నొప్పెట్టడం, మూత్రం బాగా తగ్గడం, జ్వరంతో చర్మం ఎర్రబడి పాకడం, భరించలేని నొప్పి ఉంటే ఇక్కడ ప్రశ్న రాస్తూ కూర్చోకండి. 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. కాలి రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం ఈ ఆపరేషన్ తర్వాత ప్రాణం తీసే కారణాల్లో ముఖ్యమైనది.

పోషణ_తార్నాక

డాక్టర్ గారి నెయ్యి చెంచా దగ్గర్నుంచే నేను అందుకుంటాను, ఎందుకంటే మన ఇళ్ళల్లో బరువు పెరగడం మొదలయ్యేది ఆపరేషన్ మర్నాటి పత్యంతోనే.

ఏం జరుగుతుందో చూడండి. పప్పు తింటే చీము పడుతుందని పప్పు ఆపేస్తారు. పెరుగు జలుబని ఆపేస్తారు. గుడ్డు, చేప వేడని ఆపేస్తారు. మిగిలేది వేడన్నం, కారప్పొడి, నెయ్యి. చూడ్డానికి వచ్చినవాళ్ళు హార్లిక్స్, బత్తాయిలు, స్వీట్లు తెస్తారు. నీరసం పోవాలని రోజుకు మూడు గ్లాసులు పళ్ళరసం. మనిషి మంచంమీద. అంటే గాయం మానడానికి కావలసిన ప్రోటీను అడుగంటింది, అక్కర్లేని పిండిపదార్థం, కొవ్వు రెట్టింపయ్యాయి. నెలలో కండ కరుగుతుంది, కొవ్వు చేరుతుంది, తూకం మాత్రం అంతే చూపించవచ్చు. పప్పుకీ చీముకీ సంబంధం లేదు. చీము బ్యాక్టీరియా వల్ల పడుతుంది. పప్పు, పెరుగు, గుడ్డు మొదటి రోజు నుంచే తినాలి.

మొదటి నాలుగు వారాలు తగ్గించే డైట్ జోలికి పోవద్దు. ఒంటి బరువు ప్రతి కిలోకీ 1.2 గ్రాముల ప్రోటీను చొప్పున వేసుకోండి. 65 కిలోల మనిషికి 78 గ్రాములు. అది మన వంటింట్లో ఎలా వస్తుందంటే: పొద్దున 60 గ్రాముల పెసలతో పెసరట్లు, 14 గ్రాములు. మధ్యాహ్నం 40 గ్రాముల కందిపప్పుతో గట్టి పప్పు, 9. రోజు మొత్తంలో 200 గ్రాముల పెరుగు, 7. రెండు గుడ్లు, 13. పావులీటరు పాలు, 8. రాత్రి 100 గ్రాముల చికెన్, 22. అన్నం, రొట్టెల్లోంచి ఇంకో పది వస్తుంది. గుడ్డు, మాంసం ముట్టనివాళ్ళు వాటి బదులు 30 గ్రాముల ఎండు మీల్ మేకర్, 80 గ్రాముల పనీర్ వేసుకుంటే దాదాపు అక్కడికే చేరుతుంది. ఈ తూకాలన్నీ వండకముందువి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఈ అంకె తమ డాక్టర్‌ని అడిగే వేసుకోవాలి.

నాలుగు వారాల తర్వాత, గాయాలు మానాక, రోజుకు 300 నుంచి 500 కేలరీలు కోయవచ్చు. ముందు నూనె దగ్గర కోయండి. వంటనూనె ఒక పెద్ద చెంచా, అంటే 15 మి.లీ., 120 కేలరీలు దాటుతుంది. మా తార్నాక జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల పళ్ళేనికి పెట్టిన నూనె, కొవ్వు 27 గ్రాములు. నలుగురున్న ఇంట్లో నెలకు మూడు, మూడున్నర లీటర్ల లెక్క అది. బరువు తగ్గాలనుకునేవాళ్ళ ఇంట్లో మూడు లీటర్లు దాటకూడదు, అందులోనే ఆవకాయ మీద తేలే నూనె, తాలింపు, పండక్కి అరిసెలు అన్నీ. నెల మొదట్లో క్యాన్ మీద పెన్నుతో తేదీ రాయండి. ఎవరెంత తిన్నారో కొలవక్కర్లేదు, క్యాన్ ఎప్పుడు ఖాళీ అయిందో చూస్తే చాలు.

ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు ఉన్న రోజు మర్నాడు తూకం అరకిలో పెరిగితే అది ఉప్పు పట్టి ఉంచిన నీరు. కొవ్వు కాదు.

ఓరుగల్లు_బిడ్డ

మంచిగ చెప్పిన్రు మేడమ్. కానీ జిమ్ములల్ల అన్నం మొత్తం బందు పెట్టి చపాతీలు తినుమంటరు. కొందరైతే రెండు పూటలు ఉపాసం ఉండి జ్యూసులు తాగుమంటరు. వారంల మూడు కిలోలు తగ్గుతది గద, మరి అది మంచిది కాదా?

పోషణ_తార్నాక

తగ్గుతుంది అన్నా, కానీ ఏం తగ్గుతుందో చూడాలి. అన్నం ఒక్కసారిగా ఆపేస్తే కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ (ఒళ్ళు దాచుకున్న పిండిపదార్థం), దానితో పట్టి ఉన్న నీరు పోతాయి. మొదటి వారం తగ్గిన మూడు కిలోల్లో ఎక్కువ ఇదే. అన్నం తిన్న రెండు రోజుల్లో వెనక్కి వస్తుంది.

60 గ్రాముల బియ్యం, 60 గ్రాముల గోధుమపిండి కేలరీల్లో దాదాపు సమానం, రెండూ 210 దగ్గర. చపాతీకి నూనె రాస్తే చపాతీయే ఎక్కువ. అన్నంతో వచ్చే చిక్కు ఏంటంటే కొలత లేకపోవడం. పళ్ళెంలో పప్పుకి ఒకసారి, కూరకి ఒకసారి, చారుకి ఒకసారి, పెరుగుకి ఒకసారి వడ్డించుకుంటాం. నాలుగుసార్లు కలిపితే 150 గ్రాముల బియ్యం సులువుగా దాటుతుంది. పద్ధతి మార్చండి: వండిన అన్నం 200 గ్రాములు ఒకేసారి గిన్నెలో పెట్టుకోండి, కూర 150 గ్రాములకు తగ్గకుండా వేసుకోండి, నాలుగు వాయిలూ ఆ గిన్నెలోంచే. చారు, మజ్జిగ గ్లాసులో తాగేయవచ్చు.

ఉపవాసం, జ్యూసుల సంగతి: ఆపరేషన్ అయిన మొదటి నెలల్లో వద్దే వద్దు. సర్జరీ ఒత్తిడి, తిండి కొరత రెండూ కలిస్తే రెండు మూడు నెలలకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. ప్రోటీను లేకుండా తగ్గితే కండ పోతుంది, కండ పోతే కూర్చుని ఉన్నా ఖర్చయ్యే కేలరీలు తగ్గుతాయి, తర్వాత అదే భోజనానికి బరువు పెరుగుతుంది. వారానికి అరకిలో తగ్గితే చాలు.

నడక_గుంటూరు

ఫిజియోథెరపీ సంగతులు రాస్తాను. ఈ విషయంలో వ్యాయామం తిండికి తోకలాంటిది కాదు, దానికి సొంత సాక్ష్యం ఉంది.

బ్రెజిల్‌లో సావో పాలో విశ్వవిద్యాలయం వాళ్ళు 2012లో ప్రచురించారు. పొట్టకు కొద్దిపాటి లైపోసక్షన్ చేయించుకున్న 36 మంది మామూలు బరువున్న ఆడవాళ్ళను రెండు గుంపులు చేశారు. ఒక గుంపు ఆపరేషన్ అయిన రెండు నెలల నుంచి వారానికి మూడు రోజులు, నాలుగు నెలలు వ్యాయామం చేసింది. బరువులు ఎత్తడం, ట్రెడ్‌మిల్ రెండూ. రెండో గుంపు చేయలేదు. ఆరు నెలలకు చేయనివాళ్ళలో పేగుల చుట్టూ కొవ్వు 10 శాతం పెరిగింది. చేసినవాళ్ళలో ఆ పెరుగుదల లేదు. చర్మం కింద తీసిన పొట్ట మాత్రం రెండు గుంపుల్లోనూ సన్నగానే ఉంది. అంటే అద్దంలో ఇద్దరూ ఒకేలా కనబడొచ్చు, లోపల తేడా.

ఇక పద్ధతి. ఇది లైపోసక్షన్ ఒక్కటే అయినవాళ్ళకి. మీ సర్జన్ చెప్పినదానికి ఇది తేడాగా ఉంటే సర్జన్ మాటే పాటించండి.

మొదటి వారం: ఆపరేషన్ రోజు సాయంత్రం నుంచే లేచి ఇంట్లో నడవాలి. గంటకోసారి అయిదు నిమిషాలు. పడుకున్నప్పుడు మడమలు కదలకుండా పాదాలను ముందుకీ వెనక్కీ వంచడం, ఇరవై సార్లు. ఇది కేలరీల కోసం కాదు, కాళ్ళల్లో రక్తం గడ్డకట్టకుండా. రెండో వారం: 15 నుంచి 20 నిమిషాల నెమ్మది నడక, రోజుకు రెండుసార్లు. మూడు, నాలుగు వారాలు: 30 నిమిషాల చురుకైన నడక, మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగం. తొడలకు చేయించుకోకపోతే కదలని సైకిల్ కూడా. ఈత మాత్రం కుట్ల చోట్లు పూర్తిగా మూసుకున్నాకే.

ఆరు వారాల తర్వాత, సర్జన్ సరేనన్నాక, బరువులు. వారానికి రెండు లేదా మూడు రోజులు, వరస రోజుల్లో వద్దు. ఇంట్లో చేయాలంటే అయిదు చాలు: కుర్చీలోంచి చేతులు వాడకుండా లేవడం, మెట్టెక్కి దిగడం, గోడకి ఆనించి దండీలు, రబ్బరు బ్యాండును కిటికీ ఊచకి కట్టి వెనక్కి లాగడం, రెండు చేతుల్లో సంచులు పట్టుకుని నడుము నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగి లేవడం. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు వాయిలు, నెల గడిచాక మూడు వాయిలు. పన్నెండోసారి అయ్యాక ఇంకో రెండు మూడు మాత్రమే చేయగలను అనిపించే బరువు ఉండాలి. పన్నెండూ తేలిగ్గా అయిపోతే సంచిలో ఒక కిలో పెంచండి. పెంచకపోతే మూడు నెలలు చేసినా ఒళ్ళు అక్కడే ఆగిపోతుంది. మిగతా రోజుల్లో నడక, వారం మొత్తానికి 150 నిమిషాలకు తగ్గకుండా.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, రెండో వారంలోనే పరుగు మొదలుపెడతారు. వాపు తిరగబెడుతుంది, చర్మం కింద నీటి సంచి కట్టి వేలితో తడితే అలలా కదులుతుంది. దాన్ని సూదితో తీయించుకోవాల్సి వస్తుంది. ఇంకొందరు పొట్ట తగ్గాలని రోజుకి వంద సిటప్స్ తీస్తారు. పొట్ట కండరం పనిచేసినంత మాత్రాన దానిమీది కొవ్వు కరగదు.

కొత్తసభ్యుడు_77

ఆపరేషన్ తర్వాత వేసుకోమనే ఆ బిగుతు బట్ట, కంప్రెషన్ గార్మెంట్, అది ఎక్కువ నెలలు వేసుకుంటే కొవ్వు మళ్ళీ చేరదంటారు. నిజమా?

నడక_గుంటూరు

కాదండీ. దాని పని వాపు తగ్గించడం, చర్మాన్ని కింది పొరకు అంటిపెట్టడం. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు, మొదటి రెండు వారాలు స్నానం తప్ప పగలూ రాత్రీ. ఆ తర్వాత వేసుకుంటే సుఖంగా ఉంటే వేసుకోండి, కానీ ఒక్క గ్రాము కొవ్వుని కూడా అది ఆపదు. నడుం దగ్గర మడత పడకుండా చూడండి, కూర్చున్నప్పుడు పడే ఆ మడతే చర్మంలో గాడి అయి మిగిలిపోతుంది. వాపు దిగాక సైజు తగ్గించాలి. బరువు పెరిగి పాతది ఒరుసుకుంటుంటే అదే బిగించుకోకుండా పెద్దది కొనాలి.

డా_మంజీర

జనరల్ మెడిసిన్ నుంచి కొన్ని మాటలు.

తిండి, నడక సరిగ్గా కొలిచి చేస్తున్నా నెలకి కిలోన్నర చొప్పున పెరుగుతుంటే కారణం వెతకాలి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), లివర్ పరీక్షలు, నెలసరి తప్పుతున్న ఆడవాళ్ళకు పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ సమస్య) పరీక్షలు చేయించండి. వాడుతున్న మందుల చీటీ మొత్తం డాక్టర్ ముందు పెట్టండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, పయోగ్లిటజోన్, ఓలాంజపైన్, వాల్‌ప్రోయేట్, అమిట్రిప్టిలిన్, ప్రొప్రనొలాల్ బరువు పెంచగలవు. అలాగని మీ అంతట మీరు ఆపొద్దు. మూర్ఛ మందు ఆపితే మూర్ఛ వస్తుంది. మార్చడానికి వీలుందా అని అడగండి.

మన ఒళ్ళకి కొలత వేరు. భారతీయులకు బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. నడుం చుట్టుకొలత మగవాళ్ళకు 90 సెం.మీ., ఆడవాళ్ళకు 80 సెం.మీ. దాటకూడదు. లైపో చేయించుకున్నవాళ్ళకి తూకం కంటే ఈ టేపే నమ్మకం. అయితే ప్యాంటు కట్టుకునే చోట కొలవొద్దు. పక్కన చివరి పక్కటెముక అంచు వేలితో తడిమి పట్టుకోండి, తుంటి ఎముక పై అంచు పట్టుకోండి, రెంటికీ సరిగ్గా మధ్యన చుట్టూ టేపు వేసి, మామూలుగా ఊపిరి వదిలాక చూడండి. రెండు వారాలకోసారి, పొద్దున్నే, ఏమీ తినకముందు. ఆపరేషన్ అయిన మూడో నెలలో వచ్చిన కొలతను ఆధారంగా పెట్టుకుని, దానికి 3 సెం.మీ. పెరిగిన రోజునే మేల్కొనండి. ఆరు కిలోలు పెరిగేదాకా ఆగితే ఆ పని నాలుగింతలు.

కాళ్ళకింద కరెంటు పంపి కొవ్వు శాతం చూపించే తూకం యంత్రాలను మొదటి మూడు నెలలు అసలు చూడకండి. వాపులో ఉన్న నీటి వల్ల ఆ అంకె తప్పుతుంది.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి అడగబోతున్నారని తెలుసు. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ 2025 నుంచి బరువు తగ్గడానికి కూడా మన దేశంలో దొరుకుతున్నాయి. ఇవి ఆకలిని తగ్గిస్తాయి, జీర్ణాశయం ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తాయి. బీఎంఐ 30 దాటినవాళ్ళకు, లేదా 27 దాటి షుగర్, బీపీ లాంటివి ఉన్నవాళ్ళకు అనుమతి ఉంది. నాలుగు కిలోలు పెరిగిందని 24 బీఎంఐ మనిషి వాడాల్సినవి కావు. కుటుంబంలో మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్ళు వాడకూడదు. ఆపితే బరువులో చాలా భాగం తిరిగి వస్తుంది. ప్రోటీను, బరువుల వ్యాయామం లేకుండా వాడితే కండ కూడా పోతుంది. మరో ఆపరేషన్ అనుకుంటుంటే మత్తు డాక్టర్‌కి ఇవి వాడుతున్నట్టు ముందే చెప్పి తీరాలి, పరగడుపున ఉన్నా కడుపులో ఆహారం మిగిలి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

మునగాకు

ఆపరేషన్ కాకుండా చల్లబరిచే యంత్రంతో కొవ్వు తీయించుకున్నవాళ్ళ మాటేమిటి? పొట్ట మీద ఆ యంత్రం పెట్టిన చోటే మూడు నెలలకి గట్టిగా పొంగిందంటే అది బరువు పెరగడమేనా?

డా_కృష్ణాతీరం

ఆ ఒక్క లక్షణం విన్నాక దాన్ని బరువు పెరగడంగా కొట్టిపారేయకూడదు. క్రయోలిపోలిసిస్, అంటే మీరన్న చల్లబరిచే పద్ధతి, తర్వాత అరుదుగా, చల్లబరిచిన చోట కొవ్వు చావకుండా పెరుగుతుంది. సాధారణంగా రెండు నుంచి అయిదు నెలల మధ్య మొదలవుతుంది, నొప్పి ఉండదు, గట్టిగా ఉంటుంది, యంత్రం పెట్టిన ఆకారమే అచ్చుగా కనబడుతుంది. దీన్ని ప్యారడాక్సికల్ అడిపోస్ హైపర్‌ప్లేసియా అంటారు. మోడల్ లిండా ఇవాంజెలిస్టా 2021లో తనకు జరిగింది ఇదేనని బయటపెట్టాక చాలామందికి తెలిసింది. తిండి తగ్గించినా, పరుగెత్తినా ఇది పోదు. మళ్ళీ అదే యంత్రం పెట్టించుకోకండి. చోటు మెత్తబడ్డాక లైపోసక్షన్‌తోనో కోసి తీసేయడంతోనో సరిచేస్తారు.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఒకటుంది. పొట్టలోంచి తీసిన కొవ్వును పిరుదుల్లోకో రొమ్ముల్లోకో ఎక్కించుకున్నవాళ్ళు బరువు పెరిగితే, నిలబడిన కొవ్వు అక్కడ కూడా పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఆ కణాలు బతికే ఉన్నాయి మరి.

డల్లాస్_తెలుగు

ఇక్కణ్ణుంచి సెలవులకి హైదరాబాద్ వచ్చి, రెండు మూడు వారాల్లో సర్జరీ చేయించుకుని తిరిగి వెళ్ళేవాళ్ళు ఉన్నారు. వెళ్ళాక వీళ్ళకి ఫాలోఅప్ ఉండదు, ఇంట్లో పని, చలికాలం, కారులోనే తిరుగుడు. వాళ్ళకి ప్రత్యేకంగా ఏం చెప్తారు?

డా_కృష్ణాతీరం

ముందు ప్రయాణం. పదిహేను, ఇరవై గంటల ప్రయాణం కాళ్ళల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెంచుతుంది, ఆపరేషన్ దాన్ని ఇంకా పెంచుతుంది. తిరుగు టికెట్ తేదీని సర్జన్ చెప్పాకే ఖాయం చేయండి, అంతకుముందే కొనేసి ఆపరేషన్‌ని ఆ తేదీకి ఇరికించకండి. గర్భనిరోధక మాత్రలు వాడటం, గతంలో గడ్డకట్టిన చరిత్ర దాచొద్దు.

తీసుకెళ్ళాల్సిన కాగితాలు: ఏ భాగంలో ఎంత తీశారు, ఎంత ద్రవం ఎక్కించారు, ఇచ్చిన మందులు, రక్తపరీక్షలు, ముందు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి తీసిన ఫోటోలు. ఇవి లేకపోతే అక్కడి డాక్టర్‌కి ఆర్నెల్ల తర్వాత వాపు ఏదో, మచ్చ కట్టినది ఏదో, కొవ్వు ఏదో చెప్పడం కష్టం.

నడక_గుంటూరు

చలికాలానికి నేను చెప్పిన అయిదు వ్యాయామాలూ ఇంట్లోనే అయిపోతాయి, నడకకి మాల్ ఉంది. కూర్చుని చేసే ఉద్యోగమైతే ఫోన్ కాల్స్ అన్నీ నిలబడి మాట్లాడండి.

సిరిమల్లె_విశాఖ

అందరికీ ధన్యవాదాలు. మిగిలిపోయింది నా మొదటి ప్రశ్నలో చివరి ముక్క. ఆ 68 కిలోల మనిషి రెండోసారి లైపో అడిగితే డాక్టర్ ఏమనాలి?

డా_కృష్ణాతీరం

ముందు పడుకోబెట్టి పొట్ట చూడాలి. వెల్లకిలా పడుకున్నా పొట్ట గుండ్రంగా నిలబడి, బొటనవేలు చూపుడువేలు మధ్య పట్టుకుంటే పల్చటి మడతే వస్తే, ఆ ఉబ్బు పేగుల చుట్టూ కొవ్వుది. అక్కడ గొట్టం పనికిరాదు, డబ్బు దండగ. తిండి, వ్యాయామంతోనే తగ్గాలి, నిజానికి ఆ కొవ్వు వాటికి బాగానే లొంగుతుంది. పడుకుంటే పొట్ట పక్కలకి జారి, మందపాటి మడత చేతికి వస్తే అది చర్మం కింది కొవ్వు. తల కొంచెం ఎత్తమన్నప్పుడు బొడ్డు మీదుగా నిలువుగా ఒక గట్టులా లేస్తే, కాన్పుల తర్వాత పొట్ట కండరాలు విడిపోయి ఉన్నాయన్నమాట. దానికి ముందు ఫిజియో, చాలకపోతే పొట్ట బిగించే ఆపరేషన్‌లో కుట్లు. చర్మం వేలాడుతుంటే లైపో దాన్ని ఇంకా వేలాడదీస్తుంది.

చర్మం కింది కొవ్వేనని తేలినా, మొదటి ఆపరేషన్ అయి కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది గడవాలి. బరువు ఆరు నెలలుగా రెండు కిలోల తేడాలో నిలకడగా ఉండాలి. పెరుగుతున్న బరువు మీద చేస్తే ఆ కొత్త ఆకారం కూడా నిలవదు. ఒకసారి గొట్టం తిరిగిన చోట మచ్చ కణజాలం గట్టిగా ఉంటుంది, రెండోసారి రక్తం ఎక్కువ పోతుంది, ఎగుడుదిగుడులు వచ్చే అవకాశం ఎక్కువ, నునుపుగా తేవడం కష్టం. అది చేసేవాళ్ళకు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ (స్పెషలిస్టు డిగ్రీలు) ఉందో లేదో రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ జాబితాలో చూసుకోండి. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టర్ ఉంటారా అని కూడా అడగండి.

మీరిచ్చిన లెక్కలోనే చెప్పాలంటే, 68 నుంచి 64కి రావడానికి వారానికి అరకిలో చొప్పున ఎనిమిది వారాలు చాలనిపిస్తుంది, మధ్యలో పండుగలు, పెళ్ళిళ్ళు ఉంటాయి కాబట్టి నాలుగు నెలలు పెట్టుకోండి. ఆ తర్వాత ఆరు నెలలు అక్కడే నిలబెట్టాలి. అప్పటికీ పై పొట్టలో మడత మందంగా ఉంటే వచ్చి చూపించుకోమని చెప్తాను. ఈలోపు తేదీ ఇవ్వను.